పాత ఈ-ఫ్లాట్ బేస్‌కి కొత్త వాల్వు సెట్టు: నెల్లూరు లేత్ షాపు పనితనం

బ్యాండుల్లో వాయించే పెద్ద ఇత్తడి వాయిద్యం బేస్. మా పాత ఈ-ఫ్లాట్ బేస్‌కి వాల్వులు అరిగిపోతే నెల్లూరులో ఒక లేత్ షాపులో కొత్త వాల్వు సెట్టు వేయించాం. వాల్వు సెట్టు అంటే వేళ్లతో నొక్కే మూడు పిస్టన్లు, అవి ఆడే గొట్టాలు (కేసింగులు), స్లైడులు కలిపిన భాగం. ముందే చెప్పేస్తాం. ఈ షాపులో టంకం పని బాగుంది, కొలతల పని ఇంకా బాగుంది, చివర్లో కడిగి ఇచ్చే పని బాగాలేదు. వాల్వు సెట్టు మార్చేటప్పుడు మనం డబ్బిచ్చేది ముఖ్యంగా కొలతలకే. అందుకే బ్యాండు సెట్ల వాళ్లకి ఈ షాపు గురించి ధైర్యంగా చెప్తాం, కడుగుడు మాత్రం దగ్గరుండి చేయించుకోమంటాం.

షాపు నెల్లూరులో స్టోన్‌హౌస్‌పేట వైపు ఒక సందులో ఉంది. అసలు వ్యాపారం మోటారు షాఫ్టులు, పంపు బుష్షులు. వాయిద్యాల పని పక్కన చేస్తారు. పెళ్లిళ్ల ముహూర్తాలు నడిచే నెలల్లో ఆ పక్కపనే ఎక్కువవుతుంది. ఒక లేత్, ఒక గ్యాస్ టార్చి, గోడకి వరసగా తగిలించిన ఇనప గుండ్లు, కడ్డీలు. గుండ్లు సొట్టలు తీయడానికి. ఇదీ సరంజామా. చేసే మేస్త్రి ఒక్కడే, పక్కన ఒక కుర్రాడు.

మేం ఇచ్చింది మూడు పిస్టన్ల ఈ-ఫ్లాట్ బేస్. పుస్తకాల్లో ట్యూబా అని రాసినా మన బ్యాండుల్లో ఎవరూ అలా అనరు, బేస్ అంటేనే తెలుస్తుంది. ఇంగ్లండ్ తయారీ, 1960కి ముందుది. బెల్లు (వెడల్పాటి మూతి), పెద్ద వంపులు గట్టిగా ఉన్నాయి. ఆ మందం రేకు ఇప్పుడొచ్చే కొత్త బేస్‌లలో కనపడదు. పోయింది వాల్వులు ఒక్కటే. ఇలాంటి వాయిద్యాన్ని తూకానికి అమ్మేయడం పాపం. వాల్వు భాగం మార్చే ఆలోచన వచ్చేది ఇలాంటి వాటికే.

అసలు మార్చాలా వద్దా అన్నది ఇంట్లోనే తేలిపోతుంది. ముందు స్లైడులకి, అంటే వాల్వులకున్న బయటికి లాగే వంపు గొట్టాలకి, గ్రీజు పట్టించండి, లేకపోతే పరీక్ష తప్పుతుంది. పిస్టన్ నొక్కకుండా ఆ వాల్వు స్లైడుని రెండంగుళాలు బయటికి లాగి పట్టుకోండి. పది లెక్కపెట్టి అప్పుడు పిస్టన్ నొక్కండి. టప్‌మని గట్టిగా చప్పుడొస్తే ఆ వాల్వు గాలి పట్టి ఉంచుతున్నట్టు. చప్పుడే లేకపోతే ఆ పది లెక్కల్లోనే పిస్టన్ పక్కనుంచి గాలి దూరిపోయిందన్నమాట. మా బేస్‌లో మొదటి వాల్వు కొద్దిగా పలికింది, రెండోది, మూడోది పలకలేదు.

తర్వాత పిస్టన్ బయటికి తీసి వెలుతురులో తిప్పి చూడండి. వెండి రంగు నికెల్ పూత మధ్యలో ఒక పక్క పసుపుగానో ఎర్రగానో తేలిందంటే, వేళ్లు ఏటవాలుగా నొక్కడంవల్ల ఆ పక్క అరిగిపోయినట్టు. కొత్తగా ఉన్నప్పుడు పిస్టన్ వ్యాసానికీ కేసింగ్ వ్యాసానికీ మధ్య తేడా 0.04, 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 0.1 దాటితే అడుగు స్వరాలు బొంగురుపోతాయి, దమ్ము రెట్టింపు పడుతుంది, ఎంత నూనె పోసినా నిలవదు. షాపులో మైక్రోమీటరుతో మా పిస్టన్లు మూడుచోట్ల కొలిచారు, పైన, నడుమ, కింద. కేసింగు లోపలి కొలతకి బోర్ గేజి పెట్టారు. రెండో వాల్వు నడుమ 0.14 తేలింది. పిస్టన్‌ని మాత్రమే కొలిచి తీర్పు చెప్పే రిపేరువాళ్లు చాలామంది ఉన్నారు. కేసింగు కూడా అరుగుతుంది, అదీ గుండ్రంగా కాక కోలగా అరుగుతుంది. రెండూ కొలవని చోట బేస్ వదలొద్దు.

అరుగుడికి ముఖ్య కారణం ఊరేగింపు దుమ్ము. బారాత్‌లో రెండు గంటలు రోడ్డు మీద నడిస్తే ఆ దుమ్ము కొంత స్లైడుల్లోకి, అక్కణ్ణుంచి వాల్వుల్లోకి చేరుతుంది. దాని మీద కొబ్బరినూనె పోస్తే అది రోజులు గడిచేకొద్దీ జిగురు కట్టి దుమ్ముని పట్టేసుకుంటుంది, ఇక పిస్టన్ కదిలిన ప్రతిసారీ ఎమిరీ కాగితంతో రుద్దినట్టే. కుట్టుమిషన్ నూనె కొబ్బరినూనె కన్నా నయం, వాల్వు నూనె దొరికితే అదే వాడాలి. ఇత్తడి తళతళలాడాలని చింతపండుతో తోమే అలవాటు కూడా మనవాళ్లలో ఉంది. బయట బెల్లుకి ఫరవాలేదు, ఆ పులుసు వాల్వు కేసింగులోకి కారిందంటే మాత్రం అక్కడ చిలుము మొదలవుతుంది.

పిస్టన్లకి మళ్లీ నికెల్ పూత వేయించి, కేసింగుకి సరిపడేదాకా నూరి కూర్చోబెట్టడం ఇంకో దారి. వాయిద్యానికి అదే ఎక్కువ మర్యాద, కుదిరితే అదే చేయించమంటాం. కానీ బైకు సామాన్లకి పూత వేసే చోట ఇస్తే పిస్టన్ రంధ్రాల అంచుల దగ్గర పూత దిబ్బలా పేరుకుంటుంది, నడుమ పల్చగా పడుతుంది. పూతలో కరెంటు అంచుల దగ్గరే ఎక్కువ చేరుతుంది కాబట్టి అలా అవుతుంది. ఆ దిబ్బని నూరి తీసేసరికి నడుమ మళ్లీ ఇత్తడి తేలుతుంది. ఈ షాపు వాళ్లు ఆ పని ఒప్పుకోరు. ‘పూత మా చేతిలో లేదన్నా, చేయిస్తామని చెప్పి మీ దగ్గర డబ్బు తీసుకోలేం’ అన్నాడు మేస్త్రి. ఈ మాటకే మాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

కాబట్టి మిగిలింది కొత్త వాల్వు సెట్టు. మన దేశంలో బ్యాండు వాయిద్యాల తయారీకి పేరున్న చోటు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ జాలీ కోఠీ. మాకు సెట్టు వచ్చింది అక్కణ్ణుంచే. పార్సిల్‌లో ఉన్నవి ఇవి: వరసగా అతికిన మూడు కేసింగులు, మూడు పిస్టన్లు, స్ప్రింగులు, పై మూతలు, అడుగు మూతలు, వేలి బటన్లు, మూడు స్లైడులు. సెట్టుని వాయిద్యానికి పట్టి ఉంచే కడ్డీలు (బ్రేసులు) రావు, మౌత్‌పీసు నుంచి వాల్వులకి పోయే లీడ్ పైపు రాదు. పిస్టన్ల మీద 1, 2, 3 అని కొట్టి ఉంటుంది. ప్రతి పిస్టన్‌నీ దాని కేసింగుకే నూరి కూర్చోబెడతారు. 2ని 3లో వేస్తే దూరినా రంధ్రాలు ఎదురుబొదురు రావు, గాలి ముందుకి సాగదు.

పిస్టన్ల అమరిక మేం అనుకున్నదానికన్నా మేలు. ఒకటి, మూడు 0.05 దగ్గర ఉన్నాయి. రెండోది 0.07. ఆ తేడా వాయించేటప్పుడు తెలియలేదు. అడుగు మూతల మరలు మాత్రం గరుకు. ఒక మూత అడ్డంగా ఎక్కింది. బలవంతంగా తిప్పకుండా ముందు వెనక్కి తిప్పి, టక్‌మని పడ్డాక ఎక్కించాలి, లేదంటే కొత్త మూత మొదటిరోజే పోతుంది. స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి, నలభై దాటిన వేళ్లకి శ్రమ. మూతల కింద, బటన్ల కింద వేసే ఫెల్టులు (ఉన్ని వాషర్లు) బాగా మెత్తన. దీని గురించి కింద చెప్తాం.

ఇప్పుడు అసలు చిక్కు. మాకొచ్చింది ఈ-ఫ్లాట్ కన్నా పెద్దదైన డబుల్ బి-ఫ్లాట్ బేస్ కొలతల సెట్టు. ఈ-ఫ్లాట్ గొట్టం దాదాపు 13 అడుగులు, డబుల్ బి-ఫ్లాట్‌ది 18 అడుగులు. రెండో వాల్వు అర స్వరం దించాలంటే మొత్తం గొట్టానికి ఇంచుమించు 6 శాతం కలపాలి, మొదటిది పూర్తి స్వరానికి 12 శాతం పైచిలుకు, మూడోది ఒకటిన్నరకి 19 శాతం దగ్గర. 13 అడుగుల లెక్కలో అవి సుమారు 9, 19, 29 అంగుళాలు. 18 అడుగుల లెక్కలో 13, 26, 41. అంటే ఆ స్లైడులు ఉన్నవి ఉన్నట్టు పెడితే ఒక్కో వాల్వు నొక్కినప్పుడల్లా స్వరం పాతాళానికి పోతుంది. కోసి కురచ చేసుకోవాలి. కోయడం సులువే. చిన్న సెట్టు తెచ్చి పొడవు పెంచాలంటే అదే లోవ్యాసం గొట్టం వెతకాలి, కొత్త జాయింట్లు వేయాలి. అందుకే రెండింట్లో ఏదో ఒకటే దొరికితే పెద్ద సెట్టు తీసుకోవడం మంచిది.

కోతలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. స్లైడులో రెండు జతల గొట్టాలు ఉంటాయి. కేసింగుకి అతికి కదలకుండా ఉండేవి బయటి గొట్టాలు, వాటిలోకి దూరి జారేవి లోపలి కాళ్లు. బయటివి మాత్రమే కోస్తే లోపలి కాలు పోయి కేసింగుకి కొట్టుకుంటుంది, స్లైడు పూర్తిగా దిగదు. లోపలివి మాత్రమే కోస్తే స్లైడు ఆగే చోటు మారదు, పొడవు అంతే ఉంటుంది, పైగా లోపల గొట్టం సందు పెరిగి గాలి సుడులు తిరుగుతుంది. రెండింటినీ ఒకే కొలతకి కోయాలి. తగ్గించాల్సిన మొత్తాన్ని రెండు కాళ్లకి సగం సగం పంచాలి. రెండో స్లైడులో దాదాపు మూడున్నర అంగుళాలు తగ్గాలంటే ఒక్కో కాలికి అంగుళం ముప్పావు చొప్పున.

మేస్త్రి ఒకేసారి కోయలేదు. ప్రతి కాలికీ లెక్క కన్నా 6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, వైరు చుట్టి, ఊదించి, ట్యూనర్ (శ్రుతి చూపే మీటరు) చూసి, మిగతాది తర్వాత కోశాడు. స్లైడు పూర్తిగా లోపలికి తోసినప్పుడు స్వరం కాస్త ఎక్కువ పలకాలి, సెంటీమీటరు లోపు బయటికి లాగితే సరిగ్గా కూర్చోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఊరేగింపులో వాయిద్యం వేడెక్కి స్వరం ఎక్కుతుంది. అప్పుడు ఇంకా లాగడానికి గొట్టం మిగిలి ఉండాలి.

మూడు వాల్వుల వాయిద్యంలో లెక్క ఎప్పుడూ పూర్తిగా కుదరదు, ఇది మేస్త్రి తప్పు కాదు. ఒకటీ మూడూ కలిపి నొక్కితే స్వరం ఇంచుమించు 30 సెంట్లు ఎక్కువ పలుకుతుంది, మూడూ కలిపి నొక్కితే 50 దాటుతుంది. అర స్వరానికి 100 సెంట్లు అని గుర్తుంటే ఇది ఎంత పెద్ద తేడానో తెలుస్తుంది. అందుకే మూడో స్లైడుని ఒక్క వాల్వు లెక్కకి కాకుండా కాస్త పొడుగ్గా ఉంచమని చెప్పి చేయించుకోండి. మూడోది ఒక్కటే నొక్కాల్సిన చోట ఒకటీ రెండూ కలిపి నొక్కుకుంటే సరిపోతుంది. ఈ మాట మేం చెప్పేదాకా మేస్త్రి లెక్కలో లేదు. చెప్పగానే అర్థం చేసుకుని ఒక్కో కాలికి 8 మిల్లీమీటర్లు వదిలాడు.

లోవ్యాసం సంగతి. మా లీడ్ పైపు వాల్వు దగ్గర 16.8 మిల్లీమీటర్లు, కొత్త సెట్టు 17.6. దాదాపు ఒక మిల్లీమీటరు మెట్టు. చిన్న గొట్టాన్ని పెద్ద గొట్టంలో దూర్చి సీసం నింపేసే రిపేర్లు ఎన్నో చూశాం. ఆ మెట్టు దగ్గర గాలి తడబడి ఒకటి రెండు స్వరాలు వణుకుతాయి, మిగతావన్నీ బాగుంటాయి కాబట్టి కారణం ఎక్కడుందో ఎవరికీ అంతుబట్టదు. ఇక్కడ లేత్ ఉండటం కలిసొచ్చింది. ఇత్తడి కడ్డీ నుంచి 60 మిల్లీమీటర్ల పొడవున ఒక స్లీవు తిప్పారు. లోపల ఒక కొస 16.8, ఇంకో కొస 17.6, మధ్యలో మెట్టు లేకుండా వాలు. వేలు పెట్టి తడిమినా అతుకు తగల్లేదు. ఈ షాపులో మాకు నచ్చినవాటిలో ఇది మొదటిది. బయటికెళ్లే వైపు పాత గొట్టం 17.9, కొత్తది 17.6, ముందుకుపోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి ఏమీ చేయనక్కర్లేకపోయింది.

గాలి ఎటునుంచి ఎటు పోవాలో కూడా ముందే చూసుకోవాలి. ట్రంపెట్‌లో గాలి ముందు మూడో వాల్వులోకి వెళ్లి మొదటి వాల్వు నుంచి బెల్లు వైపు పోతుంది. బేస్‌లలో చాలావాటికి మొదటి వాల్వే ముందు. పాత సెట్టు తీసేముందు ఫోనులో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. వేలి బటన్లు మౌత్‌పీసు నుంచి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలిచి రాసుకోండి. ఇది రాసుకోకపోతే సెట్టు రెండంగుళాలు కిందికి కూర్చుని, భుజం దించి వాయించాల్సి వస్తుంది. ఊరేగింపులో రెండు గంటలు అలా నడవలేరు.

టంకం పనికొద్దాం. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న తీగ వాడారు. 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 దగ్గర పూర్తిగా కరుగుతుంది. ఆ వేడికి ఇత్తడికి ఏమీ కాదు, పైన వార్నిషు ఉంటే మాత్రం మాడుతుంది. వెండి టంకం ఈ జాయింట్లకి వద్దు. దానికి 600 డిగ్రీలు పైన కావాలి. ఆ వేడికి పల్చటి గొట్టం మెత్తబడిపోతుంది, రేపు ఎవరైనా ఊడదీయాలన్నా రాదు.

తీసేటప్పుడు ముందు బ్రేసులు, తర్వాత గొట్టాల జాయింట్లు. జాయింట్లు ముందు వదిలిస్తే బరువంతా బ్రేసు మీద పడి పెద్ద వంపు రేకు నలుగుతుంది. తీసిన ప్రతి ముక్కకీ కుర్రాడు కాగితం అంటించి నంబరు వేశాడు. పాత టంకాన్ని వేడి చేసి గుడ్డతో తుడిచి, మిగిలింది గీకి, ఇత్తడి మెరిసేదాకా శుభ్రం చేశారు. పాతదాని మీదే కొత్తది పోస్తే పైకి బాగానే కనపడుతుంది, నెలకి ఊడుతుంది.

అతికే ముందు మేస్త్రి చేసింది దగ్గర్నుంచి చూడాల్సిన పని. కొత్త సెట్టుని చోటులో పెట్టి ఇనప బైండింగు తీగతో నాలుగు చోట్ల కట్టాడు. తర్వాత ఒక్కో తీగే విప్పుతూ, ఆ గొట్టం కొస వంక కళ్లు చికిలించి చూశాడు. లీడ్ పైపు దగ్గర తీగ విప్పగానే గొట్టం వెంట్రుకవాసి పక్కకి జరిగింది. టార్చి పక్కన పెట్టేశాడు. గొట్టాన్ని మోకాలి మీద పెట్టి గుడ్డ చుట్టి మెల్లగా వంచి, మళ్లీ పెట్టి చూశాడు. ఇలా మూడుసార్లు. నాలుగోసారి తీగ విప్పినా గొట్టం కదల్లేదు. అప్పుడే టార్చి ముట్టించాడు. గొట్టాన్ని లాగిపెట్టి అతికేస్తే ఆ లాగుడు టంకం చల్లారాక కేసింగు మీద పడుతుంది. కేసింగు కంటికి కనపడనంత కోలగా మారుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. కొత్త సెట్టులో పిస్టన్లు ఆడట్లేదని ఎక్కడ విన్నా చాలాసార్లు కారణం ఇదే. పిస్టన్ బాగాలేదని దాన్నే నూరుతారు. అలా నూరి పాడుచేసిన సెట్లు చాలా ఉన్నాయి.

వేడిచేసేటప్పుడు పిస్టన్లు, మూతలు, ఫెల్టులు అన్నీ బయటికి తీసి ఉంచారు. కేసింగు చుట్టూ తడిగుడ్డ. కేసింగుకి మోచేతి గొట్టాలు మెత్తటి టంకంతోనే అతికి ఉంటే పక్క జాయింటు వేడికి అవీ కదిలిపోతాయి, ఆ తడిగుడ్డ అందుకు. మా సెట్టులో అవి కదల్లేదు. అన్నీ చల్లారాక ఒకటి, మూడు పిస్టన్లు హాయిగా దిగాయి. స్ప్రింగు తీసి, నూనె వేసి వదిలితే పిస్టన్ తన బరువుకి తనే మెల్లగా జారాలి. రెండోది సగంలో ఆగింది. మేస్త్రి ఎమిరీ ముట్టుకోలేదు. దాని పక్క బ్రేసుని వేడిచేసి టంకం వదులు చేశాడు, టిక్‌మని చిన్న చప్పుడైంది, పిస్టన్ దిగిపోయింది. ఆ బ్రేసుని తిరిగి అతికించాక కూడా అలాగే దిగింది.

బ్రేసులు కొత్తవి తయారుచేశారు. 6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ, రెండు కొసల్లో గొట్టం వంపుకి సరిపడా వంచిన పాదాలు. మూడు చోట్ల పెట్టారు. రెండు చాలన్నారు మొదట. వీధిలో పట్టీ భుజాన వేసుకుని నడిచేటప్పుడు పక్కబరువు పడుతుంది కాబట్టి మూడోది మేం అడిగి పెట్టించాం. కూర్చుని వాయించే చర్చి బ్యాండుకైతే రెండు చాలేమో.

ఫెల్టుల దగ్గర షాపు కొంచెం తొందరపడింది. పిస్టన్ పైకున్నప్పుడు ఒక జత రంధ్రాలు, కిందికి నొక్కినప్పుడు ఇంకో జత గొట్టాలకి సరిగ్గా ఎదురు రావాలి. ఆ ఎత్తుని నిర్ణయించేవి పై మూత కింద ఫెల్టు, వేలి బటన్ కింద ఫెల్టు. ఒక మిల్లీమీటరు తేడా వస్తే 17 మిల్లీమీటర్ల గుండ్రం రంధ్రంలో పైనా కిందా నెలవంకల్లా మూసుకుపోతుంది, స్వరం గొంతు నొక్కినట్టు వస్తుంది. రెండో వాల్వుకి స్లైడు తీసి టార్చిలైటు వేస్తే నేరుగా కనపడుతుంది. మిగతా రెండింటికి పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం కావాలి. షాపులో రెండోది మాత్రమే చూసి సరే అన్నారు. అద్దం పెట్టి చూస్తే మూడోది ముప్పావు మిల్లీమీటరు కిందికుంది. ఒక పల్చటి ఫెల్టు ముక్క వేస్తే సరిపోయింది. మెత్తటి ఫెల్టులు నెల వాడేసరికి అణిగిపోతాయి, కాబట్టి నెల తర్వాత మళ్లీ చూసుకోవాలి. గట్టి ఫెల్టు కానీ నియోప్రీన్ వాషర్లు కానీ వేసుకుంటే ఆ బెడద ఉండదు.

ఇక మా ఫిర్యాదు. టంకానికి ముందు పూసే ఫ్లక్సు ఇక్కడ పాత పద్ధతిదే, యాసిడ్‌లో జింకు ముక్కలు వేసి పొంగు తగ్గేదాకా ఉంచినది. పని చక్కగా చేస్తుంది. కానీ కడగకపోతే జాయింటు చుట్టూ ఉండిపోయి తేమ లాగుతూనే ఉంటుంది. నెల్లూరు గాలిలో తేమకి కొదవా? వాయిద్యాన్ని తడిగుడ్డతో తుడిచి ఇచ్చేశారు. పదో రోజుకి మూడు జాయింట్ల చుట్టూ ఆకుపచ్చ చిలుము, లీడ్ పైపు లోపల తెల్లటి పొర. లోపలిది ఇంకా ప్రమాదం, అక్కణ్ణుంచి కొట్టుకొచ్చి పిస్టన్ మీద పడుతుంది. తిరిగి తీసుకెళ్తే మారుమాట లేకుండా కడిగిచ్చారు, డబ్బు అడగలేదు. అయినా ఇది మొదటిరోజే జరగాల్సింది. మీరైతే పిస్టన్లు తీయించి, లీటరు గోరువెచ్చటి నీళ్లకి ఒక చెంచా తినే సోడా కలిపి, పొడుగు సీసా బ్రష్షుతో లోపలా బయటా తోమించి, మామూలు నీళ్లు రెండుసార్లు పోయించి, ఆరాక నూనె వేయించుకుని అప్పుడే డబ్బివ్వండి.

పాత ఇంగ్లండ్ బేస్ తెచ్చేవాళ్లకి రెండు మాటలు. ఒకటి, శ్రుతి. ఇంగ్లండ్ బ్రాస్ బ్యాండుల వాయిద్యాలు 1960ల మధ్యదాకా ఎక్కువ శ్రుతికి చేసినవి, ఎ స్వరానికి ఇప్పటి 440 హెర్ట్జ్‌కి (సెకనుకి కంపనాలు) బదులు 452.5. దాదాపు అర స్వరంలో సగం ఎక్కువ. కీబోర్డుతో, కొత్త ట్రంపెట్లతో కలిపితే బేస్ ఒక్కటే పైకి తేలుతుంది, వాయించేవాడి చెవి బాగాలేదనుకుంటారు. 13 అడుగుల గొట్టానికి నాలుగున్నర అంగుళాల దగ్గర కలపాలి, అంటే మొత్తం శ్రుతిని సరిచేసే మెయిన్ స్లైడు ఒక్కో కాలికి రెండంగుళాల పైచిలుకు. వాల్వు సెట్టు విప్పినప్పుడే ఇది కూడా చేయించుకుంటే ఒక టంకం ఖర్చు మిగులుతుంది. కొత్త సెట్టులో నిటారు గొట్టం పొడవు పాతదానితో సమానంగా ఉండదు కాబట్టి, ముందు సెట్టు కూర్చోబెట్టి, ఊది చూసి, ఆ తర్వాతే మెయిన్ స్లైడు కొలత తీయాలి. మా షాపులో ఈ వరస సరిగ్గా పాటించారు.

రెండోది ఇంకా ముఖ్యం. కేసింగుల వెనకవైపు అదనంగా చిన్న చిన్న వంపు గొట్టాలు ఉంటే అది కాంపెన్సేటింగ్ బేస్. వాల్వులు కలిపి నొక్కినప్పుడు స్వరం ఎక్కకుండా డేవిడ్ బ్లెయిక్లీ 1870ల్లో కనిపెట్టిన పద్ధతి. దాని పిస్టన్లు పొడుగ్గా, ఎక్కువ రంధ్రాలతో ఉంటాయి. దానికి మామూలు సెట్టు దయచేసి పెట్టించకండి. పైన చెప్పిన 30, 50 సెంట్ల తప్పులు లేకుండా చేయడానికే ఆ వాయిద్యం పుట్టింది. అది తీసేస్తే మిగిలేది బరువైన మామూలు బేస్. దానికి పూత దారే సరైనది, ఎన్ని నెలలు పట్టినా.

ఖర్చు. అప్పట్లో సెట్టుకి 8,500 రూపాయలు, పనికి 6,500 అయ్యాయి, పార్సిల్ విడిగా. పదకొండు రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు మేస్త్రి పంపుల పని మీద ఉన్నాడు. మాఘంలో, వైశాఖంలో ఇవ్వకండి, మీకూ అవసరమే, అక్కడా ఖాళీ ఉండదు. ఒంగోలు, సింగరాయకొండ వైపు నుంచి బస్సులో తెచ్చేవాళ్లు బెల్లు నేలకి ఆనించి నిలబెట్టకుండా, పాత దుప్పటి చుట్టి ఒడిలో పెట్టుకోండి. దార్లో పడ్డ సొట్టలకి విడిగా లెక్క కడతారు, అది న్యాయమే.

వచ్చాక వాయించి చూస్తే టప్ చప్పుడు మూడు వాల్వులకీ గట్టిగా వచ్చింది. అడుగు బి-ఫ్లాట్ ముందు రెండు దమ్ములు పట్టినా మధ్యలో విరిగేది, ఇప్పుడు ఒక దమ్ములో ఎనిమిది లెక్కలు నిలుస్తోంది. స్వరం రంగు మాత్రం కొద్దిగా మారింది, మునుపటికన్నా వెడల్పు, కొంచెం తక్కువ పదును. లోవ్యాసం పెరిగితే అది తప్పదు.

చివరిగా ఒకటి. పని అయ్యాక పాత సెట్టు అడిగి తెచ్చుకోండి, అడక్కపోతే తుక్కులోకి పోతుంది. ఆ బేస్‌కి సరిపోయే మరల మూతలు, వాటర్ కీ (లోపలి నీళ్లు వదిలే మీట), స్లైడు వంపులు, గొట్టం జాయింటు కాలర్లు ఇంకెక్కడా దొరకవు. మా పాత రెండో స్లైడు వంపు ఇప్పటికే ఇంకో ఈ-ఫ్లాట్ బేస్‌కి పనికొచ్చింది.